పూల లోయకు బయలుదేరే ముందు



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా నర్సింగ్ ఆఫీసు గుమ్మం దగ్గర ఒకే రకం ప్రశ్న వినిపిస్తుంది. "సిస్టరమ్మా, మేము కొందరం కలిసి ఉత్తరాఖండ్ వెళ్తున్నాం. పూల లోయ చూడాలని. బలానికి ఏదైనా ఇంజక్షన్ వేస్తారా?" అని యౌవనస్థులు అడుగుతారు. వారి వెనుక నిలబడిన తల్లులు మాత్రం వేరే మాట అడుగుతారు. "అక్కడ చలి ఎక్కువట కదా సిస్టర్, పంపించవచ్చా?"

బలానికి ఇంజక్షన్ లేదు. పంపించవచ్చా అనే ప్రశ్నకు మాత్రం జవాబు ఉంది. తగిన ఏర్పాటుతో పంపించవచ్చు, ఏర్పాటు లేకుండా పంపకూడదు. ఆ ఏర్పాటు ఏమిటో ఈ సంచికలో వివరంగా వ్రాస్తున్నాము. పుస్తకాలలో చదివింది కొంత, మేము పొరపాటు చేసి నేర్చుకున్నది కొంత ఇందులో ఉన్నాయి.

పూల లోయ ఎక్కడ ఉంది?

పూల లోయ జాతీయ ఉద్యానవనం ఉత్తరాఖండ్ రాష్ట్రంలో చమోలీ జిల్లాలో, హిమాలయాలలో ఉంది. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తున్న ఫ్రాంక్ స్మిత్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు, అతని మిత్రులు ఈ లోయలో దిగారు. ఆయన తరువాత వ్రాసిన పుస్తకం వలన ఈ చోటు ప్రపంచానికి తెలిసింది. 1982లో దీనిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు.

లోయ జూన్ నెలలో తెరుస్తారు, చలికాలం ముందు మూసివేస్తారు. పూలు నిండుగా ఉండేది జులై మధ్య నుండి ఆగస్టు మధ్య వరకు. వానలు జోరుగా పడేది, కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోయేది కూడా అప్పుడే. పూలు చూడాలంటే వానలో నడవాలి. ఈ మాట ముందే మనసులో పెట్టుకోవాలి.

దారి ఇలా ఉంటుంది. హరిద్వార్ నుండి గంగా, అలకనందా నదుల వెంట రోడ్డు మీద జోషీమఠ్ చేరడానికి పొద్దున నుండి సాయంత్రం వరకు పడుతుంది. జోషీమఠ్ సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుండి గోవింద్‌ఘాట్, ఆపైన నాలుగు కిలోమీటర్లు జీపులో పుల్నా అనే ఊరు. పుల్నా నుండి సుమారు పది కిలోమీటర్లు కాలిబాటలో ఎక్కితే ఘాంఘరియా. ఇది సుమారు 3,050 మీటర్లు, అంటే పది వేల అడుగులు. రాత్రి బస ఇక్కడే. లోయలోపల రాత్రి ఉండనివ్వరు, గుడారం వేయనివ్వరు. పొద్దున్న వెళ్లి సాయంత్రానికి తిరిగి ఘాంఘరియా రావాలి. ఇక్కడి నుండే ఇంకో దారి ఆరు కిలోమీటర్లు నిటారుగా ఎక్కి హేమకుండ్ సాహెబ్ అనే సిక్కుల గురుద్వారాకు పోతుంది. అది 14 వేల అడుగుల పైమాటే. చాలామంది రెండూ చూసి వస్తారు.

2018లో మేము చేసిన తప్పు

2018 ఆగస్టులో మేము తొమ్మిదిమంది బయలుదేరాము. నర్సులం ఐదుగురం, ల్యాబు టెక్నీషియన్ ఒకరు, సంఘ యౌవనస్థులు ముగ్గురు. అందరికీ ఒకేసారి సెలవు దొరకడమే గొప్ప. కాబట్టి ముందుగా తిరుగు రైలు టికెట్లు కొన్నాము. తరువాత ఉన్న రోజులలో ప్రయాణాన్ని ఇరికించాము. ఒక్క రోజు కూడా అదనంగా పెట్టుకోలేదు.

హరిద్వార్ దాటాక కొండచరియ పడి రోడ్డు మూసుకుపోయింది. ఒక పగలు, ఒక రాత్రి దారిలోనే ఆగిపోయాము. జోషీమఠ్‌లో రాత్రి ఉండి ఎత్తుకు అలవాటు పడాలని అనుకున్నది ఆ విధంగా పోయింది. రోడ్డు తెరవగానే ఆగకుండా నేరుగా వెళ్లి అదే రోజు ఘాంఘరియా ఎక్కేశాము. మరుసటి తెల్లవారుజామునే హేమకుండ్ బయలుదేరాము. టికెట్టు ప్రకారం మాకు మిగిలింది రెండు రోజులే మరి.

మాలో అందరికన్నా అనుభవం గల సిస్టర్ ఒకరున్నారు. ఇరవై ఏళ్లు ఆపరేషన్ థియేటరు, ఐ.సి.యు. చూసిన మనిషి. ఆ రాత్రి ఆమె రెండుసార్లు లేచి బయటికి వెళ్లి వచ్చారు. మాకు మెలకువ వచ్చింది, కాని అడగలేదు. వార్డులో నైట్ డ్యూటీలో పేషెంటు రెండుసార్లు లేస్తే టార్చి పట్టుకుని వెళ్లి "ఏమమ్మా, ఏమైంది?" అని అడగకుండా ఉంటామా? అక్కడ దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాము.

పొద్దున ఆమె టీ మాత్రమే త్రాగారు. దారిలో ఒకసారి వాంతి అయితే "గ్యాసు" అన్నారు. నాలుగు కిలోమీటర్లు ఎక్కాక, ఆమె వెనుక నడుస్తున్న కుర్రవాడు మా దగ్గరకు వచ్చి మెల్లగా చెప్పాడు. "ఆంటీ, సిస్టర్ గారు తిన్నగా నడవడం లేదు. తూలుతున్నారు."

ఆమెను ఆపి, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు ఆనించి గీత మీద నడిచినట్లు నడవమన్నాము. రెండడుగులు వేయలేకపోయారు. ఈ రోజు ఏ వారం అని అడిగితే మా ముఖం వైపు చూసి, "ఈ రోజు నైట్ డ్యూటీ ఎవరిది?" అన్నారు. అప్పుడు మా గుండె జారిపోయింది. అది అలసట కాదు, గ్యాసు కాదు. ఎత్తు వలన మెదడుకు వాపు వస్తోందని అర్థమైంది.

వెంటనే వెనుదిరిగాము. అక్కడ నడవలేని వారిని వీపు మీద బుట్టలో మోసుకెళ్లే కూలీలు ఉంటారు, ఆ బుట్టను కండీ అంటారు. ఆమెను కండీలో ఘాంఘరియా దించాము. వైద్య శిబిరంలో ఆక్సిజన్ పెట్టి ఇంజక్షన్ ఇచ్చారు. "ఇక్కడ ఉంచవద్దు, ఇంకా క్రిందికి తీసుకుపోండి" అన్నారు డాక్టరు గారు. ఆ వానలోనే మళ్లీ కండీలో పుల్నా వరకు, అక్కడి నుండి జీపులో జోషీమఠ్ వరకు దించాము. దిగుతున్నకొద్దీ మాట తేరుకుంది. రాత్రి పది గంటలకు మా పేర్లు పెట్టి పిలిచారు. మరునాడు అడిగిన మొదటి ప్రశ్న, "మీరందరూ పూలు చూశారా?"

మేము ఒక్కరం కూడా చూడలేదు. చూడకుండానే తిరిగి వచ్చాము.

తలనొప్పి సాయంత్రమే మొదలైందని, ఎవరికీ చెప్పకుండా పారాసిటమాల్ మింగానని ఆమె తరువాత ఒప్పుకున్నారు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అందరి డబ్బు, అందరి సెలవులు నా ఒక్కదాని వలన పాడవుతాయని" అన్నారు. తప్పు ఆమె ఒక్కరిదే అనడానికి మాకు నోరు రాలేదు. రోజులు ఇరికించింది మేము. రాత్రి అడగనిది కూడా మేమే.

ఎత్తు మీద శరీరానికి ఏమవుతుంది?

ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. ఘాంఘరియాలో ఒక్కొక్క శ్వాసకు మనకు అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో సుమారు డెబ్బై శాతం. హేమకుండ్ దగ్గర అరవై శాతం. శరీరం అలవాటు పడగలదు, కాని రోజులు పడుతుంది. సుమారు 2,500 మీటర్లు దాటిన తరువాత తొందరపడిన వారికి జబ్బు చేయవచ్చు. వయసులో ఉన్నవారు, ఆటలాడేవారు, కండ బలం గలవారు కూడా దీనికి మినహాయింపు కాదు. పైగా వారే వేగంగా ఎక్కి ముందుగా పడతారు.

మొదటి మెట్టు: తలనొప్పి, దానితోపాటు ఆకలి లేకపోవడం, వికారం, వాంతి, కళ్లు తిరగడం, నీరసం. ఇవి సాధారణంగా ఎత్తు చేరిన మొదటి రోజులలోనే కనిపిస్తాయి. ఎత్తు మీద తలనొప్పి వచ్చిందంటే, వేరే కారణం రుజువయ్యే వరకు అది ఎత్తు జబ్బే అనుకోవాలి. ఆ స్థితిలో ఇంకా పైకి పోకూడదు. ఉన్నచోటే విశ్రాంతి తీసుకోవాలి. తగ్గకపోతే దిగిపోవాలి.

రెండవ మెట్టు, మెదడు వాపు: తూలి నడవడం, తికమక మాటలు, విపరీతమైన మగత. ఇది ప్రాణాపాయం. తెల్లవారే వరకు ఆగకూడదు.

ఊపిరితిత్తులలో నీరు చేరడం: కూర్చుని ఉన్నా ఆయాసం, దగ్గు, పెదవులు గోళ్లు నీలిరంగు కావడం, కొందరికి గులాబి రంగు నురగ కళ్లె. తలనొప్పి లేకుండా కూడా ఇది రావచ్చు. ఇదీ ప్రాణాపాయమే.

ఈ రెండింటికీ అసలైన మందు క్రిందికి దిగడం. ఆక్సిజన్, ఇంజక్షన్లు దిగేవరకు సహాయం చేస్తాయి. దిగకుండా మందులతో కాలక్షేపం చేయకూడదు.

టికెట్ కన్నా ముందు డాక్టరు గారిని చూడండి

బయలుదేరడానికి రెండు నెలల ముందే పరీక్ష చేయించుకోండి. బి.పి., షుగరు, హిమోగ్లోబిన్ చూపించుకోండి. నలభై ఐదు దాటినవారు, ఛాతీలో నొప్పి ఎప్పుడైనా వచ్చినవారు ఇ.సి.జి. కూడా తీయించుకోండి. మన ఆడపిల్లలలో రక్తహీనత చాలా ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే రెండు నెలల ఐరన్ మాత్రలతో కొంతైనా సరిచేసుకోవచ్చు. చివరి వారంలో వస్తే మేము చేయగలిగింది ఏమీ ఉండదు.

గుండెపోటు ఈమధ్యనే వచ్చినవారు, అదుపులో లేని ఉబ్బసం గలవారు, ఊపిరితిత్తుల పాత జబ్బు ఉన్నవారు, గర్భిణీలు, సికిల్ సెల్ జబ్బు గలవారు ఈ ప్రయాణం తలపెట్టవద్దు. తప్పనిసరి అనుకుంటే మీ డాక్టరు గారితో ముఖాముఖి మాట్లాడి నిర్ణయించుకోండి.

బి.పి. మాత్రలు వాడేవారు "విహారానికి వచ్చాం కదా" అని మానవద్దు. షుగరు ఉన్నవారికి రోజంతా నడకలో షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. గ్లూకోజ్ లేక బెల్లం ముక్క జేబులోనే ఉండాలి, సంచి అడుగున కాదు. ఇన్సులిన్ గడ్డకడితే పాడవుతుంది. చలిలో చొక్కా లోపల, ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి.

ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. మామూలుగా పెద్దలకు 125 మిల్లీగ్రాములు పూటకు ఒకటి చొప్పున రోజుకు రెండు పూటలు, ఎక్కడానికి ముందు రోజు నుండి ఇస్తారు. మూత్రం ఎక్కువ వస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. సల్ఫా మందులు పడనివారు డాక్టరు గారికి ఆ సంగతి తప్పక చెప్పాలి. మందుల షాపులో అడిగి కొనుక్కుని మింగే మాత్ర కాదు ఇది. మాత్ర వేసుకున్నాం కదా అని తొందరగా ఎక్కవచ్చు అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు.

రోజుల లెక్క

మేము ఇప్పుడు అందరికీ చెప్పే లెక్క ఇది. ఢిల్లీ వరకు, తిరిగి వచ్చేవరకు రైలు రోజులు ఇందులో కలపలేదు.

1వ రోజు: హరిద్వార్ నుండి తెల్లవారుజామున బయలుదేరి జోషీమఠ్. కొండ రోడ్లపై రాత్రి ప్రయాణం వద్దు.

2వ రోజు: జోషీమఠ్‌లోనే విశ్రాంతి. ఊరిలో మెల్లగా నడవండి. ఇది వృథా రోజు కాదు, మందు వేసుకున్నట్టే. 2023 జనవరిలో ఈ ఊరిలో నేల కుంగి ఇళ్లు బీటలు వారిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి బస గురించి ముందే విచారించుకోండి.

3వ రోజు: గోవింద్‌ఘాట్, పుల్నా, అక్కడి నుండి నడిచి ఘాంఘరియా. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నం దాటాక చేరతారు.

4వ రోజు: పూల లోయ. ఘాంఘరియా కన్నా కొంచెమే ఎత్తు కనుక అలవాటు పడడానికి కూడా మంచిది.

5వ రోజు: అందరూ బాగుంటే హేమకుండ్. పైన ఎక్కువసేపు ఉండకుండా అదే రోజు దిగి రావాలి. బాగులేనివారు ఘాంఘరియాలోనే ఉండాలి, వారికి తోడుగా ఒకరు ఉండాలి.

6వ రోజు: క్రిందికి.

7, 8 రోజులు: ఖాళీ. వాన కోసం, కొండచరియల కోసం, తలనొప్పి కోసం. ఇవి అవసరం కాకపోతే దారిలో దేవప్రయాగలోనో రుద్రప్రయాగలోనో ఆగి నదుల సంగమం చూసి రండి.

ఈ ఖాళీ రోజులు పెట్టుకోలేనంత తక్కువ సెలవు ఉంటే హేమకుండ్ మానేయండి. అదీ కుదరకపోతే వచ్చే సంవత్సరం వెళ్లండి. యాత్రకు ప్రభుత్వం వారి రిజిస్ట్రేషన్, లోయకు అటవీ శాఖ వారి ప్రవేశ అనుమతి అవసరం. బయలుదేరే ముందు ఆ సంవత్సరపు నిబంధనలు, రోడ్ల పరిస్థితి తెలుసుకోండి. 2013 జూన్ వరదలలో ఆ దారిలో వంతెనలు, కాలిబాట కొట్టుకుపోయాయి. ఆ కొండలలో దారులు ఏటేటా మారుతుంటాయి.

ఎనిమిది వారాల సాధన

మొదటి రెండు వారాలు రోజూ అరగంట చురుకైన నడక. మూడవ వారం నుండి మెట్లు. మన ఆస్పత్రి మూడంతస్తుల ర్యాంపు మాకు కొండగా పనికి వచ్చింది. డ్యూటీ దిగాక పదిసార్లు ఎక్కి దిగేవాళ్లం. పేషెంట్ల బంధువులు మమ్మల్ని చూసి నవ్వుకున్నా పరవాలేదనుకున్నాము. అయిదవ వారం నుండి వీపు మీద సంచి తగిలించుకోండి. మొదట మూడు కిలోలు, తరువాత ఆరు, ఎనిమిది. చివరి రెండు వారాలలో వారానికి ఒకసారి మీకు దగ్గరలో ఉన్న కొండ మెట్లు నాలుగైదు గంటలు ఎక్కి దిగండి.

ఎక్కడం గుండెకు, ఊపిరికి పని. దిగడం మోకాళ్లకు పని. యాభై దాటిన మా వంటి వారికి దిగేటప్పుడే కన్నీళ్లు వస్తాయి. రెండు చేతులకు రెండు కర్రలు పట్టుకుంటే మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది. గోవింద్‌ఘాట్‌లో చేతికర్రలు దొరుకుతాయి.

కొత్త బూట్లు వేసుకుని రైలెక్కవద్దు. కనీసం నెలరోజులు ముందు నుండి తొడిగి నడవాలి. బొటనవేలి ముందు ఒక వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోరు నల్లబడి ఊడిపోతుంది. షుగరు ఉన్నవారికి బూటు కరిచిన చిన్న పుండు ఎంత దూరం పోతుందో మా డ్రెస్సింగ్ రూములో రోజూ చూస్తున్నాము.

వీపు సంచి

సంచి బరువు మీ బరువులో ఆరవ వంతు దాటకుండా చూసుకోండి. అరవై కిలోల మనిషికి పది కిలోలు, నీళ్లతో కలిపి. పిల్లలకు ఇంకా తక్కువ. నడుము పట్టీ ఉన్న సంచి కొనండి. ఆ పట్టీని తుంటి ఎముకల మీద బిగిస్తే బరువు భుజాల మీద పడకుండా తుంటి మీదికి పోతుంది. బరువు వస్తువులు వీపుకు ఆనుకుని మధ్యలో, తేలికవి అడుగున, వానకోటు పైన పెట్టాలి. లోయలోకి పెద్ద సంచి మోయనవసరం లేదు. ఘాంఘరియా గదిలో వదిలి, నీళ్లు, తిండి, వానకోటు, స్వెట్టరు పట్టే చిన్న సంచితో వెళ్లండి.

తప్పనిసరిగా ఉండవలసినవి: వానకోటు, ఉన్ని టోపీ, స్వెట్టరు, చేతి తొడుగులు, త్వరగా ఆరే బట్టలు రెండు జతలు, రాత్రికి మాత్రమే వాడే పొడి బట్టలు ఒక జత, మేజోళ్లు నాలుగు జతలు, టార్చి, లీటరు సీసాలు రెండు, ఆధార్ కార్డు, చేతిలో కొంత నగదు. సంచి లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు పెట్టి, బట్టలన్నీ అందులో పెట్టి మూతి కట్టండి. పై కవరు ఎంత మంచిదైనా వాన లోపలికి వస్తుంది.

జీన్సు ప్యాంట్లు, నూలు చుడీదార్లు వద్దు. తడిసిన నూలుబట్ట ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. వానలో తడిసి గాలి తగిలితే వేసవి నెలలో కూడా ఒళ్లు చల్లబడి ప్రమాదం వస్తుంది. వణుకు ఆగకపోతే, మాట తడబడితే, వెంటనే తడిబట్టలు తీసి పొడిబట్టలు వేసి, కప్పి, వేడివేడి తీపి టీ ఇవ్వాలి.

మందుల డబ్బా

మీరు రోజూ వాడే మందులు, ప్రయాణ రోజులకన్నా వారం ఎక్కువ, రెండు సంచులలో విడివిడిగా. పారాసిటమాల్, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, వాంతులకు, విరేచనాలకు, ఎలర్జీకి డాక్టరు గారు వ్రాసిన మాత్రలు, క్రేప్ బ్యాండేజి, ప్లాస్టరు, దూది, యాంటిసెప్టిక్ ఆయింట్‌మెంట్, థర్మామీటరు. మడమ మంటగా అనిపించిన వెంటనే ఆగి ప్లాస్టరు వేయండి. పొక్కు వచ్చాక వేస్తే ఆలస్యమే. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పరికరం ఉంటే మంచిదే. కాని అంకె బాగుంది కదా అని తూలుతున్న మనిషిని పైకి నడిపించవద్దు. చల్లని వేళ్ల మీద అది తప్పు చూపించగలదు.

ఎత్తు మీద నిద్రమాత్రలు, మత్తు పానీయాలు వద్దు. నిద్రలో శ్వాసను తగ్గిస్తాయి.

నీళ్లు, తిండి, మరుగు

వాగు నీరు ఎంత తేటగా ఉన్నా కాచకుండా త్రాగవద్దు. పైన గుర్రాలు, గొర్రెలు తిరుగుతుంటాయి. ఎత్తు మీద నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక తెర్లడం మొదలైన తరువాత మూడు నిమిషాలు కాగనివ్వండి. క్లోరిన్ మాత్ర వేస్తే అరగంట ఆగి త్రాగండి. రోజుకు మూడు లీటర్ల వరకు కొంచెం కొంచెంగా త్రాగండి. ఒకేసారి లీటర్ల కొద్దీ త్రాగినా మంచిది కాదు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోయినట్లే.

ఇక్కడ సోదరీమణులకు ఒక మాట. దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనని ఆడవారు నీళ్లు మానేస్తారు. మా గుంపులోనూ అదే జరిగింది. దాని ఫలితం సాయంత్రానికి తలనొప్పి, రెండవ రోజుకు మూత్రంలో మంట. సిగ్గుపడి ఆరోగ్యం పాడుచేసుకోవద్దు. ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఒకరికి ఒకరు దుప్పటి అడ్డం పట్టుకోండి. నెలసరి రోజులు కాకపోయినా ప్యాడ్లు ఉంచుకోండి, ఎత్తుకు, అలసటకు ముందుగానే రావచ్చు. వాడినవి కవరులో చుట్టి వెనక్కి తెచ్చుకోండి, లోయలో పారవేయవద్దు.

తిండి విషయంలో మనవారికి బెంగ ఎక్కువ. ఘాంఘరియాలో రొట్టె, పప్పు, రాజ్మా, అన్నం దొరుకుతాయి. అన్నం మన ఇంటి అన్నంలా ఉండదు, కాని కడుపు నిండుతుంది. ఆకలి లేకపోయినా కొంచెం కొంచెం తినాలి. వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, వేయించిన అటుకులు సంచిలో ఉంచుకోండి. ఆవకాయ సీసా ఒక్కటి అందరికీ చాలు, మనిషికొకటి మోయనవసరం లేదు!

సాయంత్రం రౌండ్స్

వార్డులో రౌండ్స్ లేకుండా రోజు గడవదు. కొండ మీద కూడా అదే పద్ధతి పెట్టుకోండి. ప్రతి సాయంత్రం, ప్రతి ఉదయం ప్రతి ఒక్కరినీ ఈ ప్రశ్నలు అడగాలి. తలనొప్పి ఉందా? తిన్నారా? వాంతి, వికారం ఉందా? కళ్లు తిరుగుతున్నాయా? కూర్చున్నప్పుడు ఆయాసం ఉందా? ఏమైనా మాత్ర వేసుకున్నారా? తరువాత గీత మీద పదడుగుల నడక. అన్నీ ఒక నోటు పుస్తకంలో వ్రాయాలి. చిన్నవారు పెద్దవారిని అడగడానికి మొహమాటపడతారు. అందుకే అడిగే పని వంతులవారీగా అందరికీ ఇవ్వండి. ఆ కుర్రవాడు ఆ రోజు మొహమాటపడి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం.

ఇంకొక నియమం బయలుదేరే ముందే అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. ఎవరైనా దిగవలసి వస్తే ఆ ఖర్చు అందరిది. దిగేవారు ఒంటరిగా దిగరు. తరువాత ఎవరూ దాని గురించి ఒక్క ఎత్తిపొడుపు మాట అనరు. రోగి నిజం చెప్పాలంటే, చెప్పినందుకు నష్టపోనని ముందుగా తెలియాలి. ఓ.పి.లో అయినా, కొండ మీద అయినా ఇదే సూత్రం.

అత్యవసరంలో 108 అంబులెన్సు ఉత్తరాఖండ్‌లో కూడా ఉంది. 2005లో మన ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సేవే అది. కాని అంబులెన్సు రోడ్డు ఉన్నచోటికే వస్తుంది. పుల్నా పైన అంబులెన్సు అంటే కండీ, కంచర గాడిద, మీ తోటివారి భుజాలు. ఘాంఘరియాలో ఫోను సిగ్నలు నమ్ముకోవద్దు. ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంటిలో వ్రాసి ఇచ్చి వెళ్లండి. ఇంటివారు కూడా ఒక రోజు ఫోను రాకపోతే కంగారు పడవద్దు.

2022లో

2022 జులైలో మేము మళ్లీ వెళ్లాము. ఈసారి ముందు రోజుల లెక్క, తరువాత టికెట్లు. ఆ సిస్టర్ కూడా వచ్చారు. ఒకసారి జబ్బు చేసినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఉందని డాక్టరు గారు చెప్పారు. అందుకని ఆమె మాత్రలతో, మెల్లగా, లోయ వరకే అని నిర్ణయించుకుని వచ్చారు. జోషీమఠ్‌లో రెండు రాత్రులు ఉన్నాము. ఘాంఘరియాలో మొదటి సాయంత్రం రౌండ్స్‌లో పుస్తకం పట్టుకున్నది ఆమే. మా తలనొప్పిని మొట్టమొదట వ్రాసింది కూడా ఆమే. దాచలేదు మేము. మరునాడు అందరూ ఆగారు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ మరునాడు తలనొప్పి తగ్గి లోయలోకి నడిచాము. హేమకుండ్ మాత్రం మానుకున్నాము.

పుష్పవతి నది ప్రక్కన, నడుము ఎత్తు గులాబి రంగు పూల మధ్య ఒక సమాధి రాయి ఉంది. జోన్ మార్గరెట్ లెగ్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞురాలిది. 1939లో మొక్కలు సేకరించడానికి వచ్చి, రాళ్ల మీద కాలు జారి చనిపోయారు. అప్పటికి ఆమెకు 54 ఏళ్లు, ఇంచుమించు మా వయసే. తరువాత ఆమె సోదరి వచ్చి ఆ రాయి పెట్టించారు. దానిమీద కొండల వైపు కన్నులెత్తే కీర్తన వాక్యం చెక్కి ఉంది. మా సిస్టర్ ఆ రాయి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తరువాత మా వైపు తిరిగి, "ఆ రోజు కుర్రవాడు చెప్పకపోతే నాకూ ఇలాంటి రాయే ఉండేది" అన్నారు. మేము ఏమీ అనలేకపోయాము. వాన మొదలైంది. వానకోట్లు తొడుక్కుని, గడియారం చూసుకుని, వెలుతురు ఉండగానే అందరం కలిసి దిగాము.

ఈ సంవత్సరం వెళ్లదలచినవారు రెండు నెలల ముందుగా మన ఓ.పి.కి రండి. రోజుల లెక్క వ్రాసిన కాగితం కూడా తీసుకురండి. బి.పి. కన్నా ముందు మేము దానిని చూస్తాము.